సొంత పాట, సొంత పీట: తృప్తి ఎక్కడ పుడుతుంది?

ఉద్యోగం అయ్యాక, వంట ముగిశాక, పిల్లలు పడుకున్నాక మనిషి తన కోసం చేసుకునే పని ఒకటుంటుంది. దాన్ని ఎవరూ చేయమనరు, జీతమివ్వరు, గడువు పెట్టరు. ఒకరు పాట కట్టుకుంటారు, ఒకరు పీట చేసుకుంటారు, ఇంకొకరు పాత చీరలు పేర్చి బొంత కుడతారు. ఇందులో దొరికే తృప్తి జీతం తెచ్చే పనిలో అంతగా ఎందుకు దొరకదన్నది పాత ప్రశ్నే. మనస్తత్వ శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా దాన్ని కొలిచి చూస్తున్నారు. మన వాగ్గేయకారులూ వడ్రంగులూ అంతకు ఎంతో ముందే తమ బతుకులతో జవాబు చెప్పి వెళ్లారు. ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఈ వ్యాసం. యలహంకలో ఉండి రాస్తున్నాను కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

యలహంక అనగానే ఇవాళ గుర్తొచ్చేవి వాయుసేన స్థావరం, అక్కడ జరిగే విమానాల ప్రదర్శన, 1984 నుంచి రైలు చక్రాలు తయారుచేస్తున్న కర్మాగారం. బెంగళూరు నగరం పుట్టకముందే ఇది నాడప్రభువుల ఊరు. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడ ఇక్కడి పాలకుడే. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరునే నిలిచింది. ఇంట్లో కన్నడం, చుట్టూ కోటలూ చెరువులూ పేటలూ కట్టించే పని. రాజ్యం నడపడానికి ఆ యక్షగానంతో అవసరమేమీ లేదు. కావాలంటే ఏ కవిచేతనో రాయించుకుని కృతి పుచ్చుకోవచ్చు, ఆ కాలపు ప్రభువులకు అది మామూలే. తానే రాశాడని సంప్రదాయం చెబుతోంది. ఏలికకు కూడా తన చేత్తో చేసుకోవాలనిపించే పని ఒకటి ఉంటుందన్నమాట.

యలహంక దాటి ఈశాన్యంగా వెళితే చింతామణి తాలూకాలో కైవారం వస్తుంది. అక్కడ గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప తర్వాతి రోజుల్లో యోగి నారేయణ యతీంద్రులయ్యాడు. జనం నోట ఆయన కైవారం తాతయ్య. తెలుగులోనూ కన్నడంలోనూ ఆయన కట్టిన తత్త్వాలను కోలారు, చిక్కబళ్లాపురం పల్లెల భజన బృందాలు ఇప్పటికీ పాడుకుంటున్నాయి. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషికి ఆస్థానమూ లేదు, పోషకుడూ లేడు. ప్రభువుకూ గాజులాయనకూ మధ్య ఆస్తిలో, అంతస్తులో ఎంత దూరమున్నా ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే దారి. మైసూరు వాసుదేవాచార్యులు మరో ఉదాహరణ. కన్నడ దేశపు మనిషై ఉండి కీర్తనలు ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలో రాశారు. ఏ భాషలో పాట కట్టాలన్నది కూడా మనిషి తన కోసం తాను చేసుకున్న ఎంపికే.

ఇక ప్రయోగశాలల సంగతి. ఈ ప్రశ్న మీద ఎక్కువగా ఉదాహరించే ప్రయోగం పసిపిల్లలతో జరిగింది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి ‘బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా గీశాక ఇచ్చారు. మిగతా వారికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు అవే రంగు పెన్నులు మళ్లీ బడిలో పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తారో గమనించారు. ముందే ఆశపెట్టిన పిల్లలు తక్కిన వారితో పోలిస్తే దాదాపు సగం సమయమే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. దీన్ని చదివి ‘డబ్బు సృజనను చంపేస్తుంది’ అని తేల్చేసేవాళ్లున్నారు. ప్రయోగం చెప్పింది అంతకంటే సన్నని మాట. ఇష్టంగా చేసే పనికి ముందుగానే ఒక వెల కడితే, ఆ వెల కోసమే చేస్తున్నామని మనసు అనుకోవడం మొదలుపెడుతుంది. అనుకోకుండా వచ్చిన మెచ్చుకోలు అలాంటి హాని చేయదు.

రెండో ప్రయోగం నాకు ఇంకా ముఖ్యమైనది. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అచ్చువేసిన పరిశోధనకు ‘ఐకియా ప్రభావం’ అని పేరు. విడి చెక్కలు కొని ఇంట్లో బిగించుకునే సామాను అమ్మే ఆ కంపెనీ కొట్టు యలహంకకు పడమట నాగసంద్రలో 2022లో తెరిచారు కాబట్టి, ఇక్కడివాళ్లకు ఆ పేరు కొత్తేమీ కాదు. ప్రయోగంలో కొందరిచేత కాగితం మడిపించి కొంగలూ కప్పలూ చేయించారు. చేసినవాళ్లు తమ బొమ్మకు సగటున 23 సెంట్లు ఇస్తామన్నారు. పక్కనుంచి చూసినవాళ్లు వాటికే 5 సెంట్లు చాలన్నారు. చేయి తిరిగిన నిపుణులు చేసిన బొమ్మలకు వచ్చిన ధర 27 సెంట్లు. అంటే తొలిసారి మడిచినవాడికి తన వంకర కొంగ నిపుణుడి కొంగకు ఇంచుమించు సాటిగా కనబడింది.

దీన్ని చూసి నవ్వుకోవడం తేలిక. నేను నవ్వను. ఆ వంకర కొంగలో తన చూపూ, తన వేళ్ల తడబాటూ, చివరికి కుదిరిన మడతా ఆ మనిషికి కనబడుతున్నాయి, బయటివాడికి కనబడవు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది, దాన్ని తక్కువ మంది గుర్తుపెట్టుకున్నారు. చేసిన వస్తువును వెంటనే విప్పించేసినప్పుడు, లేదా పనిని మధ్యలో ఆపించినప్పుడు ఆ విలువ కట్టడం మాయమైపోయింది. శ్రమ ఒక్కటే చాలలేదు, పని ఒక కొలిక్కి రావాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది దీని చుట్టూనే తిరుగుతుంది.

మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి పేరు ఈ చర్చలో తప్పదు. కొండలెక్కేవారు, శస్త్రవైద్యులు, చదరంగం ఆటగాళ్లు, సంగీత రచయితలు తమను తాము మరచి పనిలో లీనమయ్యే స్థితిని ఆయన 1970ల నుంచీ అధ్యయనం చేశాడు. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే కంగారు, రెండూ కాని చోట తన్మయత్వం అన్నది ఆయన సూత్రం. అది నిజమే. కానీ తన్మయత్వం పేకాటలోనూ దొరుకుతుంది, అర్ధరాత్రి దాకా ఫోనులో ఆట ఆడుతున్నప్పుడూ దొరుకుతుంది. తెల్లారి లేచి చూస్తే చేతిలో ఏమీ మిగలదు. పాట కట్టినవాడికి పాట మిగులుతుంది. అందుకే తృప్తినంతా తన్మయత్వంతోనే వివరించే పుస్తకాలు నన్ను సగం దూరమే తీసుకెళ్లాయి. 2016లో గిరిజా కైమల్ బృందం అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మందిచేత 45 నిమిషాలు బంకమట్టితో, రంగులతో, కాగితపు ముక్కలతో ఇష్టమొచ్చింది చేయించింది. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గింది. కళలో అనుభవమున్నవారికీ లేనివారికీ తేడా కనబడలేదు. చిన్న పరిశీలన, దాని మీద పెద్ద భవనాలు కట్టకూడదు. అయినా ‘నాకు చేతకాదు’ అని కూర్చున్నవారికి ఆ చివరి మాట పనికొస్తుంది.

జీతపు పనిలో ఈ తృప్తి ఎందుకు అరుదో ఆడమ్ స్మిత్ 1776లోనే చూపించాడు, ఆయన ఉద్దేశం వేరైనా. ఒక గుండుసూది తయారీని దాదాపు 18 పనులుగా విడగొట్టి పంచితే రోజుకు వేల సూదులొస్తాయన్నాడు. వస్తాయి. కానీ ఏ ఒక్క పనివాడూ ‘ఈ సూది నేను చేశాను’ అనలేడు. ఇవాళ ఈ నగరంలో కంప్యూటర్ల ముందు కూర్చునే మన పిల్లల పరిస్థితి కూడా అంతే. ఏ ప్రోగ్రాములో ఏ ముక్క తమదో ఇంట్లోవాళ్లకు చూపించలేరు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక అరమరను మొదటి నుంచి చివరి దాకా తామే చేసుకుంటే, రోజంతా దొరకని ‘మొత్తం’ అప్పుడు చేతికొస్తుంది. తెరెసా అమాబిలే ఏడు కంపెనీల్లో 238 మంది రాసిన దాదాపు 12,000 దినచర్య పుటలు చదివి, మనిషికి పనిలో ఉత్సాహాన్ని అన్నిటికంటే ఎక్కువగా ఇచ్చేది తనకు అర్థవంతమైన పనిలో కాస్తంత ముందుకు కదలడమే అని తేల్చింది. అది ఆఫీసు పని మీద చేసిన అధ్యయనం. ఇంటి పనికి ఇంకా బాగా వర్తిస్తుందని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ముందుకు కదిలిందీ లేనిదీ చెప్పే పై అధికారి ఎవరూ లేరు, కర్రే చెబుతుంది.

కర్ర చెప్పే మాట వినాలంటే చెన్నపట్టణానికి వెళ్లాలి. బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు వాడే చెట్టును కన్నడంలో ఆలె మర అంటారు. మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్ర కూడా ఆ చెట్టుదే. రెండు ఊళ్లలోనూ పని తీరు ఒకటే. తిరిగే కర్రకు ఉలి ఆనించి ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో నునుపు పెడతారు. ఎక్కువ నొక్కితే లక్క మాడుతుంది, తక్కువ నొక్కితే పట్టదు. ఎంత నొక్కాలో పుస్తకంలో రాయలేరు, అరచేతికి తెలియాలి. తెలిసిన ఆ క్షణం బొమ్మ మీద మెరుపుగా వెంటనే కనబడుతుంది. చేసిన పనికి ఫలితం అంత త్వరగా కళ్లబడే పనులు లోకంలో తక్కువ. ఏటికొప్పాకలో సి.వి.రాజు గింజలూ బెరళ్లూ ఆకులూ ఉడికించి సహజ రంగులను తిరిగి లక్క పనిలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కృత్రిమ రంగు డబ్బాలో చవగ్గా దొరుకుతున్న రోజుల్లో మొదలుపెట్టిన పని అది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. చెన్నపట్టణం పనివాడు ఒకే బొమ్మను వేలసార్లు చేస్తాడు, అది అతని కూడు. ‘చేతిపనిలో ఎంత ఆనందం!’ అని నగరవాసి మురిసిపోతే ఆ మాట అతనికి కడుపు నింపదు. వారాంతంలో పీట చేసుకునేవాడి తృప్తికీ, పీటలు చేసి బతికేవాడి తృప్తికీ మధ్య గోడ ఉంది. మొదటివాడికి ఆపేసే స్వేచ్ఛ ఉంది. అందుకే చేతిపని అందాన్ని పొగిడేవాళ్లు ముందు దాని కూలి గిట్టుబాటు గురించి మాట్లాడాలి. బేరమాడి కొన్న బొమ్మను షోకేసులో పెట్టుకుని కళాభిమానులమనుకోవడం తగదు.

సొంతంగా వడ్రంగి పని పట్టాలనుకునేవారికి బెంగళూరులో అవకాశాలున్నాయి. మల్లేశ్వరంలోని కేంద్ర ప్రభుత్వ కలప విజ్ఞాన, సాంకేతిక సంస్థలో వడ్రంగి పని శిక్షణ కేంద్రం ఉంది. హలసూరు మెట్రో స్టేషన్ కింద పనిముట్లు వాడుకోనిచ్చే కార్యశాల వెలిసింది. యలహంకలోనే 1996లో పుట్టిన సృష్టి కళా విద్యాలయం ఉంది. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కలప, టేకు ధర భరించలేని కొత్తవాళ్ల అభ్యాసానికి చాలు. ఆటంకాలూ ఉన్నాయి. హౌసింగ్ బోర్డు వేసిన యలహంక న్యూటౌన్ పాత ఇళ్లలో వెనక కాస్త జాగా దొరుకుతుంది, అపార్టుమెంటులో రంపం మోతకు పక్కింటివారి నిద్ర చెడుతుంది. పచ్చి కర్రతో చేసిన బల్ల ఎండాకాలం రాగానే వంకర తిరుగుతుంది. మేకులు లేకుండా ఒక చెక్కకు బెజ్జం తొలిచి రెండో చెక్క కొసను అందులో దిగేలా చెక్కడం మొదట్లో ఎవరికీ కుదరదు. వదులైతే ఊగుతుంది, బిగువైతే చెక్క చీలుతుంది. ఆ అతుకు కుదిరిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించబుద్ధవుతుంది.

కర్రకూ పాటకూ చుట్టరికం చూడాలంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్లాలి. అక్కడ ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అయితే తృప్తి విషయంలో పాటకూ పీటకూ పెద్ద తేడా ఉంది. పీట పూర్తయిందో లేదో కూర్చుంటే తెలుస్తుంది. పాట పూర్తయిందని ఎవరు చెప్పాలి? చరణంలో ఒక మాట రాత్రి బాగుంటుంది, పొద్దున్నే పేలవంగా కనబడుతుంది. పల్లవి కుదిరి చరణాలు కుదరని పాటలు ఎన్ని డైరీల్లో పడి ఉంటాయో! పాట కట్టేవారిలో అసంతృప్తి ఎక్కువగా కనబడడానికి కారణం ఇదేనని నేననుకుంటాను. పాటకు పీట లాంటి పరీక్ష ఒక్కటే ఉంది, ఇంకొకరు దాన్ని పాడడం. త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో బతికారు, తంజావూరు ఆస్థానం పిలిచినా వెళ్లలేదు. ఆయన పాటలు మన దాకా వచ్చింది వాలాజపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు నేర్చుకుని, పాడి, రాసిపెట్టినందువల్ల. తనకోసం, తన రాముడి కోసం కట్టుకున్న పాటకూ వినే చెవి కావాల్సివచ్చింది. ‘నా తృప్తి కోసమే చేశాను, ఎవరూ వినకపోయినా ఫర్వాలేదు’ అనేవారి మాట నేను సగమే నమ్ముతాను. వెయ్యిమంది అక్కర్లేదు, ఒక్కరు కావాలి.

వృత్తి ఒకటి, మనసు పెట్టిన పని ఒకటి అయినప్పుడు రెండూ చెడతాయనే భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఆ భయానికి జవాబుగా శ్రీపాద పినాకపాణి గారి జీవితాన్ని చూపించవచ్చు. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. రోగులనూ విద్యార్థులనూ చూసుకుంటూనే కర్ణాటక సంగీతాన్ని సాధన చేశారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి వారికి పాఠం చెప్పారు. వందల కీర్తనలను గమకాలతో సహా స్వరపరచి ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా ఇచ్చారు. 2013 దాకా జీవించారు. కచేరీ మీద బతకవలసిన అవసరం లేకపోవడమే ఆయన సంగీతానికి మేలు చేసిందని నా అభిప్రాయం. సభ మెప్పు కోసం తొందరపడక, ఒక్కో సంగతిని తనకు నచ్చేదాకా చెక్కుకునే తీరిక ఆయనకు జీతం వల్ల దొరికింది. లెప్పర్ ప్రయోగం పిల్లల్లో చూపించినదాన్ని ఒక పెద్దమనిషి నిండు జీవితంలో చూడవచ్చు.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి కథ ఇంకో తీరు. అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలు తెలుగు చెప్పి, ఉద్యోగం ముగిశాక తిరుపతి చేరి అన్నమాచార్య కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఆ కీర్తనలు చెక్కిన రాగి రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఆ ఖాళీని తన చెవితో నింపారు. కారా మాస్టారు విశాఖలో లెక్కలు చెబుతూ కథలు రాశారు, రాసినవి తక్కువే. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నారు. సృజన అంటే కొత్తది పుట్టించడమే అనుకుంటే ఈ రెండు పనులూ లెక్కలోకి రావు. వేరొకరి పాటకు గొంతునివ్వడం, వేరొకరి కథకు చోటివ్వడం కూడా సొంత పనే. ఆ తృప్తి ఏ మాత్రం తక్కువది కాదు.

ఆడవాళ్ల పని ఈ చర్చలోకి రావడం అరుదు. పరిశోధనా పత్రాల్లో బంకమట్టి ఉంది, కాగితపు కొంగ ఉంది, ముగ్గు లేదు. నిజానికి తెలుగునాట కోట్లమంది రోజూ చేసే సృజన అదొక్కటే. చుక్కలు పెట్టి, గీత తెగకుండా కలిపి, చివరి వంపు మూసేసరికి పని ముగుస్తుంది. మధ్యాహ్నానికి కాళ్లకింద చెరిగిపోతుంది. పని కొలిక్కి రావాలన్నానే గాని, అది నిలిచి ఉండాలని నేననలేదు. ముగ్గు ఆ తేడాను చూపిస్తుంది. బొంత కుట్టే అమ్మమ్మ సంగతి వేరు. ఏ చీర ముక్క ఏ పెళ్లిదో ఆమెకు తెలుసు, కుట్టు కుట్టుకూ ఇంటి చరిత్ర చెబుతుంది, మనవడు కప్పుకుంటాడు. చేసిన వస్తువు పక్క మనిషికి వెచ్చదనమవడం కంటే గట్టి ఫలితాన్ని ఏ కొలమానమూ చూపలేదు. అయితే ఆమెకు ఆ పనికి దొరికిన వేళ మిట్టమధ్యాహ్నం అందరూ పడుకున్న గంట మాత్రమే. తీరిక అందరికీ సమానంగా లేదు. రెండు షిఫ్టులు చేసే భవన కార్మికురాలితో ‘ఏదైనా వ్యాపకం పెట్టుకో’ అనడం అన్యాయం. సృజన గురించి రాసే పుస్తకాలు చాలావరకు తీరిక ఉన్నవాళ్లే తీరిక ఉన్నవాళ్ల కోసం రాసినవి.

ఇప్పుడు రెండు కొత్త ఒత్తిళ్లు వచ్చాయి. ఒకటి, ఏది బాగా చేసినా ‘దీన్ని యూట్యూబులో పెట్టు, అమ్ము’ అనే సలహా. అమ్మకం తప్పు కాదు. మొదటి పీట పూర్తవకముందే ధర చీటీ అతికించుకోవడం తప్పు. ఎంతమంది చూశారన్న అంకె నక్షత్రం అతికించిన ప్రశంసాపత్రంలాగే పనిచేస్తుంది, రోజూ ముందే ఆశపెడుతుంది. రెండోది, నాలుగు మాటలు టైపు చేస్తే బాణీ, గొంతు, వాద్యాలతో పాట తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ. పుట్టినరోజు శుభాకాంక్షలకు అది సరిపోవచ్చు. కానీ అందులో తడబాటు లేదు, తేల్చుకోవలసిన మాట లేదు, కుదరని చరణంతో గడిపిన రాత్రి లేదు. అలాంటి పాట విన్నప్పుడు ముచ్చటపడగలమేమో, చేశామన్న తృప్తి మాత్రం దానితో రాదు. ఆ యంత్రాన్ని బాణీ సరిచూసుకోవడానికి వాడుకునేవారి సంగతి వేరు, వారి పని వారి చేతిలోనే ఉంది.

సాక్ష్యమంతా చూశాక నేను చేరిన తీర్పు ఇది. తృప్తికి మొదటి మూలం పని ముగియడం, రెండోది ఎదురుతిరిగే పదార్థంతో, అది కర్రైనా మాటైనా, పెనుగులాడి కుదుర్చుకోవడం. అందుకునే మనిషి ఒకరుండడం మూడోది. ప్రతిభ వీటి తర్వాతే. కొత్త పనిముట్లూ, కొత్త తరగతులూ, కొత్త పుస్తకాలూ కొనేముందు ఇంట్లో ఒకసారి వెతకండి. సగం కుట్టిన బొంత, కాళ్లు బిగించని పీట, చరణం లేని పల్లవి ఏదో ఒకటి ఉంటుంది. ఈ నెలలో దాన్ని పూర్తిచేసి ఇంట్లో ఒకరి చేతికివ్వండి. కైవారం తత్త్వాలు పాడే పెద్దవాళ్లు మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ ఉంటే, పక్కన కూర్చుని ఒకటి నేర్చుకోండి.